ముందు బ్రేకు మొర

పల్లెటూళ్ళలో పుట్టి పెరిగినవారికి నూతి గిలక చప్పుడు గుర్తుండే ఉంటుంది. నీళ్ళు తోడుతున్నప్పుడు గిలక కిర్రుమని మొర పెట్టడం మొదలుపెడితే, ఇంటి పెద్దలు ఇరుసు దగ్గర నాలుగు చుక్కలు ఆముదం వేయించేవారు. చప్పుడు ఆగిపోయేది. తలుపు బందు మూలిగినా, కుట్టుమిషను గరగరలాడినా, బండి చక్రం కీచుమన్నా అదే మందు. యంత్రం చప్పుడు చేస్తే చమురు వేయాలన్న ఈ సూత్రం మనకు ఉగ్గుపాలతో అబ్బింది. అది చాలావరకు మంచి సూత్రమే. కాని దానిని పొరపాటున కూడా వర్తింపజేయకూడని యంత్రభాగం ఒకటి ఉన్నది. అది మోటారు సైకిలు బ్రేకు. ముఖ్యంగా ముందు చక్రపు బ్రేకు.

కొన్నేళ్ళ క్రితం మా మేనల్లుడు చదువు నిమిత్తం న్యూజిలాండ్ వచ్చాడు. బస్సులు అరుదుగా తిరిగే పేటలో గది దొరకడంతో ఒక పాత మోటారు సైకిలు కొనుక్కున్నాడు. దాని ముందు బ్రేకు నొక్కినప్పుడల్లా వీధి వీధంతా తిరిగి చూసేటంత కీచుమని అరిచేది. కుర్రవాడు సిగ్గుపడి, ఒక శనివారం ఉదయం తుప్పు వదిలించే చమురు డబ్బా తెచ్చి, చక్రానికున్న ఉక్కు పళ్ళెం మీద రెండువైపులా చల్లాడు. తరువాత బండి ఎక్కి వీధి చివర రౌండెబౌట్ వరకు వెళ్ళాడు. ఆ సాయంత్రం ఫోనులో, "చప్పుడు పోయింది మామయ్యా, దానితోపాటు బ్రేకు కూడా పోయింది" అన్నాడు. అదృష్టవశాత్తు ఆ క్షణంలో అడ్డంగా ఏ వాహనమూ రాలేదు. బండి పచ్చిక మీదికి దూసుకుపోయి పడింది; మోచేయి గీరుకుపోవడంతో గండం గడిచింది.

అతడు ఇంజనీరింగు చదివినవాడే. తెలివితక్కువవాడు కాడు. గిలకకూ బ్రేకుకూ గల తేడా అతనికి ఎవరూ విడమరచి చెప్పలేదు, అంతే. మన పిల్లలలో చాలామంది ఈ దేశంలో మోటారు సైకిళ్ళు నడుపుతున్నారు. తల్లిదండ్రులు కూడా తెలుసుకోదగిన విషయమే కనుక, బ్రేకు ఎందుకు అరుస్తుంది, ఆ అరుపులో ఏ అర్థం ఉంటుంది, దానికి ఏమి చేయాలి అన్న సంగతులను ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఆపడం అంటే ఏమిటి?

గిలకకు ఘర్షణ శత్రువు. ఘర్షణ ఎంత తగ్గితే అంత తేలికగా తిరుగుతుంది. బ్రేకుకు ఘర్షణే ప్రాణం. కదిలే బండిలో ఉన్న గతిజశక్తిని ఘర్షణ ద్వారా ఉష్ణశక్తిగా మార్చి గాలిలోకి వదలడమే బ్రేకు చేసే పని. శక్తి నశించదు, రూపం మాత్రమే మారుతుంది.

ఎంత శక్తి? బండీ మనిషీ కలిసి 250 కిలోలు అనుకుందాం. న్యూజిలాండ్ రహదారులమీద సాధారణ వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగంలో బండికి ఉండే గతిజశక్తి సుమారు 96,000 జౌళ్ళు. అంత శక్తితో ఒక పెద్ద గ్లాసెడు, అనగా 300 మిల్లీలీటర్ల చల్లని నీటిని దాదాపు మరిగే స్థితికి తీసుకురావచ్చు. బండి ఆగే నాలుగైదు సెకన్లలో ఈ వేడి అంతా అరచేతి కన్నా చిన్నవైన రెండు మూడు జతల ప్యాడ్ల దగ్గర పుడుతుంది. గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, 50 కిలోమీటర్ల వేగంలో బండిని ఆపడంకన్నా 100 కిలోమీటర్ల వేగంలో ఆపడానికి బ్రేకు నాలుగు రెట్లు పని చేయాలి.

ఈ పనిలో సింహభాగం ముందు చక్రానిదే. బస్సు హఠాత్తుగా ఆగితే నిలబడ్డవాళ్ళం ముందుకు తూలుతాం కదా! అదే విధంగా బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. బండి నిశ్చలంగా ఉన్నప్పుడు రెండు చక్రాలమీద చెరి సగం ఉన్న బరువు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం మీద 80 శాతం దాటవచ్చు. వెనుక చక్రం తేలికై నేలను గట్టిగా పట్టుకోలేదు. మన ఊళ్ళలో "ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొడతావు, వెనుక బ్రేకే వాడు" అని పెద్దలు చెప్పే మాటలో నిజం కొంతే. హఠాత్తుగా బిగించి పట్టుకుంటే ప్రమాదమే. క్రమంగా ఒత్తిడి పెంచుతూ నొక్కితే మనిషిని కాపాడేది ఆ ముందు బ్రేకే. అందువల్లనే దాని ఆరోగ్యం విషయంలో ఉపేక్ష పనికిరాదు.

పళ్ళెం బ్రేకు పుట్టుక

నేటి బండ్లలో ముందు చక్రానికి ఉక్కు పళ్ళెం ఒకటి బిగించి ఉంటుంది. దానిని డిస్కు అంటారు. డిస్కును ఇరువైపులా పట్టుకొని ఉండే భాగం క్యాలిపర్. దాని లోపల పిస్టన్లు, వాటి ముందు ప్యాడ్లు ఉంటాయి. కుడిచేతి లివరు నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ద్రవం ఒత్తిడికి లోనవుతుంది. పాస్కల్ సూత్రం ప్రకారం ఆ ఒత్తిడి గొట్టం గుండా పిస్టన్లకు చేరి, ప్యాడ్లను డిస్కుకేసి అదుముతుంది. చిమటాతో పళ్ళెం అంచు పట్టుకోవడం వంటిదే ఈ ఏర్పాటు.

చిత్రమేమంటే, ఈ రకపు బ్రేకు పుట్టుకతోనే అరిచింది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో కార్ల కోసం డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. ఆయన వాడినవి రాగి ప్యాడ్లు. లోహం మీద లోహం రాసుకొని భరించరాని కూత పెట్టేది. 1907 ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆ ప్యాడ్లకు ఆస్బెస్టాస్ తొడుగు వేసి ఆ కూతను అణచాడు. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ఎంత హానికరమో లోకానికి తరువాత తెలిసి వచ్చింది. ఇప్పటి ప్యాడ్లను వేరే పదార్థాలతో చేస్తున్నారు. అయినప్పటికీ పాత బండిలోని బ్రేకు ధూళిని నోటితో ఊదడం, గాలి గొట్టంతో చెదరగొట్టడం ఎంతమాత్రం చేయకూడదు, తడిపి తుడవాలి.

మోటారు సైకిళ్ళలో పెద్ద ఎత్తున తయారైన వాటిలో హైడ్రాలిక్ డిస్కు బ్రేకును ముందు చక్రానికి అమర్చి ఖ్యాతి గడించినది 1969 నాటి హోండా సీబీ 750. మనదేశంలో అది ఆలస్యంగా వచ్చింది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు ముందూ వెనుకా డ్రమ్ము బ్రేకులే. 1999లో హీరో హోండా సీబీజెడ్ వచ్చేనాటికి డిస్కు బ్రేకు మన కుర్రకారుకు పరిచయమయింది. కనుక డ్రమ్ము బ్రేకుల కాలంలో బండి నేర్చుకున్న తండ్రులకు, ఇక్కడ పిల్లలు నడిపే బండి బ్రేకు కొత్త వస్తువే.

కీచుమనడంలోని భౌతికశాస్త్రం

వయొలిన్ కచేరీలో కమాను తీగ మీద నడిచేటప్పుడు జరిగేదీ, బ్రేకు కీచుమన్నప్పుడు జరిగేదీ మూలంలో ఒక్కటే. రెండు ఉపరితలాలు అతుక్కొని ఉన్నప్పటి ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణకన్నా సాధారణంగా ఎక్కువ. మొదటిది స్థైతిక ఘర్షణ, రెండవది గతిక ఘర్షణ. కమాను తీగను పట్టుకొని తనతో కొంత దూరం లాక్కుపోతుంది. తీగ బిగువు స్థైతిక ఘర్షణను మించగానే తీగ జారి వెనక్కి వస్తుంది. మళ్ళీ పట్టు, మళ్ళీ జారుడు. సెకనుకు వందలసార్లు జరిగే ఈ పట్టు విడుపులే మన చెవికి నాదంగా వినిపిస్తాయి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో సంగీతమైన సూత్రమే మన బండి చక్రం దగ్గర కర్ణకఠోరమైన కూత అవుతున్నది.

బ్రేకులో ప్యాడు కమాను వంటిది, డిస్కు తీగ వంటిది. అయితే డిస్కు తీగలా కాక జేగంటలా మోగుతుంది. ప్రతి లోహపు పళ్ళానికీ కొన్ని సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. ప్యాడు పట్టు విడుపుల వల్ల పుట్టిన కంపనాలు వాటిలో ఒకదానిని మేల్కొలిపితే అనునాదం ఏర్పడుతుంది. అప్పుడు పళ్ళెం సెకనుకు వెయ్యి మొదలు పదివేలకు పైగా కంపిస్తుంది. మనిషి చెవి చురుకుగా వినే శ్రుతులు ఈ పరిధిలోనే ఉండడంచేత, ఆ శబ్దం మనకు అంత బాధగా తోస్తుంది.

దీనినుంచి రోగనిర్ణయానికి పనికివచ్చే సూచన ఒకటి లభిస్తుంది. కీచు శబ్దపు శ్రుతి పళ్ళెం స్వభావాన్ని బట్టి ఉంటుంది. బండి వేగంతో దానికి పెద్దగా సంబంధం లేదు. వేగం తగ్గినా అదే శ్రుతిలో అరుస్తుంది. అలా కాక, చక్రం తిరుగుడుకు లయగా "టిక్, టిక్" మని వినిపించే చప్పుడు వేరే జాతిది. మోటారు సైకిలు ముందు చక్రపు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు నాలుగుసార్లు తిరుగుతుంది. చప్పుడు కూడా సెకనుకు నాలుగుసార్లు వచ్చి, వేగంతోపాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, దోషం చక్రంతో తిరిగే భాగంలో ఎక్కడో ఒకచోట ఉన్నదని అర్థం.

చప్పుడును బట్టి రోగనిర్ణయం

వైద్యుడు దగ్గు విని అది ఏ దగ్గో పోల్చుకున్నట్లు, బ్రేకు చప్పుళ్ళను కూడా వర్గీకరించవచ్చు.

1. ఉదయం మాత్రమే వినిపించే గీరుడు. రాత్రి మంచు పడినా, వాన కురిసినా డిస్కు మీద పలుచని తుప్పు పొర ఏర్పడుతుంది. మొదటి నాలుగైదు సార్లు బ్రేకు వేసేసరికి అది చెరిగిపోతుంది. దీనికి భయపడనక్కరలేదు.

2. మెల్లగా నొక్కినప్పుడు సన్నని కీచు, గట్టిగా నొక్కితే మాయం. ఇది పైన చెప్పిన పట్టు విడుపుల చప్పుడు. ప్యాడ్ల ముఖం వేడికి గాజులా నున్నబడి ఉండవచ్చు. క్యాలిపర్‌లో ధూళి పేరుకొని ఉండవచ్చు. ప్యాడ్ల వెనుక ఉండవలసిన పలుచని రేకులు ఎవరో తీసి పారవేసి ఉండవచ్చు. లోహపు పొడిని అదిమి చేసిన ప్యాడ్లు సహజంగానే కొంత ఎక్కువ అరుస్తాయి. బ్రేకు పట్టు బాగా ఉన్నంతవరకు ఇది అత్యవసరం కాదు, కాని శుభ్రపరచవలసిన సమయం వచ్చిందని హెచ్చరిక.

3. గరగరమనే ముతక చప్పుడు, లివరులో కూడా తెలిసే గరుకుదనం. ప్యాడు పూర్తిగా అరిగిపోయి, దాని వెనుకనున్న ఇనుప బిళ్ళ డిస్కును గీరుతున్నదని అనుమానించాలి. అక్కడికక్కడే బండి ఆపివేయాలి. ఇంకొక్కరోజు నడుపుదామనుకుంటే ప్యాడ్ల ఖర్చుతో పోయేది డిస్కు ఖర్చు దాకా వస్తుంది. ప్రాణం మీదికీ రావచ్చు.

4. చక్రానికి లయగా టిక్కుమనడం, లివరు వేళ్ళకింద కొట్టుకోవడం. డిస్కు వంకర తిరిగి ఉండవచ్చు, లేదా దాని మందం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అయి ఉండవచ్చు. ఒక మినహాయింపు: ఏబీఎస్ ఉన్న బండిలో అత్యవసరంగా బ్రేకు వేసినప్పుడు లివరు టకటక కొట్టుకోవడం ఆ యంత్రం సరిగ్గా పనిచేస్తున్నదనడానికి గుర్తు; అది రోగం కాదు.

5. బ్రేకు పట్టగానే ఒక్కసారి "టక్" మనడం. ప్యాడ్లు తమ గూటిలో వదులుగా ఉన్నాయేమో, క్యాలిపర్ బోల్టులు వదులయ్యాయేమో, హ్యాండిలు కింది బేరింగులు అరిగాయేమో చూడాలి. బోల్టుల అనుమానం ఉంటే చూసిన తరువాతనే బండి కదపాలి.

6. బ్రేకు పట్టకపోయినా ఎడతెగక వినిపించే రాపిడి. పిస్టను లోపలికి పోకుండా పట్టేసిందని, లేదా క్యాలిపర్ జరగవలసిన పిన్నులు ఎండిపోయాయని అర్థం. ప్యాడు ఎల్లవేళలా డిస్కును రాస్తూ ఉంటుంది. డిస్కు వేడెక్కి, ద్రవం మరిగి, అవసరమైన వేళ బ్రేకు పట్టకపోవచ్చు. మూడవదాని తరువాత భయపడవలసినది దీనికే.

బ్రేకు పట్టినా వదిలినా మారని గుయ్యిమనే మూలుగు అయితే అది బ్రేకుది కాకపోవచ్చు. చక్రపు బేరింగును అనుమానించాలి.

పది నిమిషాల పరీక్ష

పనిముట్లు లేకుండా, టార్చిలైటు ఒక్కటి పట్టుకొని నెలకొకసారి చేయదగిన పరీక్ష ఇది. బండి చల్లగా ఉన్నప్పుడు చేయాలి.

మొదట ప్యాడ్ల మందం చూడండి. చాలా ప్యాడ్లకు అరుగుదల తెలిపే గాడి ఉంటుంది. గాడి చెరిగిపోతే ప్యాడ్ల ఆయువు తీరినట్లే. సాధారణంగా ఘర్షణ పదార్థం 2 మిల్లీమీటర్లకు చేరగానే మార్చడం క్షేమం. రెండువైపుల ప్యాడ్లూ సమంగా అరిగాయా? ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగితే ఎక్కడో పిస్టను గాని పిన్ను గాని పట్టేసిందన్నమాట.

తరువాత డిస్కు అంచు మీద గోరు నడపండి. గట్టు తగిలితే డిస్కు అరిగిందని తెలుస్తుంది. ఎంతవరకు అరగవచ్చునో ఆ కనీస మందం అంకె డిస్కు మీదనే చెక్కి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిచి పోల్చుకోవాలి.

పిమ్మట స్టాండు మీద బండి నిలిపి, మరొకరి సాయంతో ముందు చక్రం నేలనుంచి లేపి చేతితో తిప్పండి. సన్నని రాపిడి వినిపించినా, చక్రం స్వేచ్ఛగా ఒకటి రెండు చుట్లు తిరగాలి. వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తున్నదని అర్థం. చివరగా ముందు బ్రేకు పట్టి ఉంచి, బండిని ముందుకు వెనుకకు ఊపండి. చేతికి ఎక్కడ వదులు తెలుస్తున్నదో గమనించండి.

శుభ్రపరచే పద్ధతి

ఇంటిలో చేయదలచుకున్నవారు తమ బండి మాన్యువల్ దగ్గర పెట్టుకోవాలి. బోల్టులను కొలతగా బిగించే టార్కు రెంచి తప్పనిసరి. ఇవి లేనివారు, ఎన్నడూ చేయనివారు తెలిసినవారి పక్కన కూర్చొని ఒకసారి చూసిన తరువాతనే పూనుకోవడం మంచిది.

క్యాలిపర్ విప్పిన తరువాత దానిని గొట్టానికి వేలాడదీయకూడదు. తీగతో ఫోర్కుకు కట్టాలి. ప్యాడ్లు లేనప్పుడు లివరు నొక్కకూడదు. పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. సబ్బునీటితో, పాత పళ్ళబ్రష్షుతో క్యాలిపర్ లోపల పేరుకున్న మసి కడగాలి. బయటికి కనిపించే పిస్టను భాగాన్ని శుభ్రం చేసిన పిదపనే దానిని లోపలికి నెట్టాలి. మురికితో నెట్టితే లోపలి రబ్బరు వలయం చెడి, ద్రవం కారడం మొదలవుతుంది. పిస్టను లోపలికి పోయేటప్పుడు పైనున్న పాత్రలో ద్రవమట్టం పెరుగుతుంది, పొంగకుండా చూసుకోవాలి. బ్రేకు ద్రవం పడితే బండి రంగు ఊడిపోతుంది.

క్యాలిపర్ జరిగే పిన్నులకు మాత్రం కందెన కావాలి. ఇక్కడ మన ఆముదపు సూత్రం పనికివస్తుంది, కాని మామూలు గ్రీజు కాదు. రబ్బరుకు హాని చేయని, వేడికి తట్టుకొనే సిలికోన్ గ్రీజు పలుచగా రాయాలి. కొన్ని కంపెనీలు ప్యాడ్ల వీపున కూడా కొద్దిగా రాయమంటాయి. మాన్యువల్ చెబితేనే ఆ పని చేయాలి. ప్యాడు ముఖానికీ, డిస్కుకూ ఏ జిడ్డూ సోకరాదు. చేతి వేళ్ళ జిడ్డు కూడా మంచిది కాదు.

నున్నబడిన ప్యాడ్లను సమతలమైన చోట పరచిన గరుకు కాగితం మీద, తడిపి, మృదువుగా రుద్దితే గాజు పొర పోతుంది. డిస్కును బ్రేకు క్లీనర్‌తో గాని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గాని, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. చమురు పడిన డిస్కును ఇలా శుభ్రపరచవచ్చు. కాని చమురు తాగిన ప్యాడ్లను నమ్మరాదు. అవి సూక్ష్మరంధ్రాలు గల పదార్థంతో చేసినవి కనుక చమురును లోపలికి పీల్చుకుంటాయి. పైకి ఎంత తుడిచినా, వేడెక్కినప్పుడు అది మళ్ళీ బయటికి ఊరుతుంది. మా మేనల్లుడి బండికి చివరకు కొత్త ప్యాడ్లే వేయవలసి వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. అన్నీ బిగించిన తరువాత, బండి కదిపే ముందు, లివరు గట్టిపడేవరకు పలుమార్లు నొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్లు ప్యాడ్లను మళ్ళీ చేరుకోవడానికి అలా చేయడం అవసరం. ఇది మరచి బయలుదేరినవారికి మొదటి మలుపులో లివరు హ్యాండిలు దాకా ఖాళీగా వచ్చేస్తుంది.

కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే పూర్తి పట్టు రాదు. వాహనాలు లేని రోడ్డు మీద, 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు, పూర్తిగా ఆపకుండా, పది పదిహేనుసార్లు క్రమంగా బ్రేకు వేస్తూ, మధ్య మధ్య చల్లారనివ్వాలి. దీనివల్ల ప్యాడు పదార్థపు పలుచని పొర డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. ఈ సంస్కారం సరిగా జరగని కొత్త ప్యాడ్లు కీచుమనడానికి ఎక్కువ అవకాశం ఉన్నది.

చప్పుడు చేయని ముప్పు

బ్రేకులో ఒక రోగం ఎన్నడూ అరవదు. అది ద్రవంలో తేమ చేరడం. డాట్ 4 రకపు ద్రవానికి ఆర్ద్రతను ఆకర్షించే గుణం ఉన్నది. ప్రమాణాల ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు దిగజారుతుంది. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం సంపీడనానికి లొంగదు, ఆవిరి లొంగుతుంది. అప్పుడు మన వేళ్ళ బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది.

దీని పర్యవసానం న్యూజిలాండ్ కొండదారులలో తెలుస్తుంది. వెల్లింగ్టన్ ఉత్తరాన అప్పర్ హట్ నుంచి ఫెదర్‌స్టన్ వెళ్ళే రెముటాకా కొండ రహదారి శిఖరం 555 మీటర్ల ఎత్తున ఉన్నది. 250 కిలోల బండి 500 మీటర్లు దిగితే విడుదలయ్యే స్థితిజశక్తి 12 లక్షల జౌళ్ళకు పైమాటే. అనగా 100 కిలోమీటర్ల వేగం నుంచి పన్నెండుసార్లు పూర్తిగా ఆపినంత పని. ఒక్కసారి ఆపితేనే ఒకటిన్నర కిలోల డిస్కు వేడి సుమారు 100 డిగ్రీలు పెరగగలదు. కనుక తిరుమల ఘాట్ రోడ్డు దిగే అనుభవజ్ఞులైన డ్రైవర్ల పద్ధతే ఇక్కడా శరణ్యం: చిన్న గేరులో ఇంజను చేత వేగాన్ని అదుపు చేయించాలి, బ్రేకును ఎడతెగక రాస్తూ దిగకూడదు. ద్రవాన్ని రెండేళ్ళకొకసారి మార్చాలి. డాట్ 4 అడిగే బండిలో సిలికోన్ ఆధారమైన డాట్ 5 పోయరాదు. ఏబీఎస్ ఉన్న బండికి ఈ పని వర్కుషాపులో చేయించడమే మేలు.

ఈ దేశపు గాలి, ఈ దేశపు అలవాటు

న్యూజిలాండ్‌లో మన ఊళ్ళంత దుమ్ము లేదు, కాని సముద్రపు ఉప్పుగాలి ఉన్నది. ఆక్లండ్, వెల్లింగ్టన్ వంటి నగరాలు సముద్రాన్ని ఆనుకొనే ఉన్నాయి. ఉప్పూ తేమా కలిసి పిస్టన్లను, పిన్నులను పట్టేటట్లు చేస్తాయి. చలికాలమంతా షెడ్డులో పడుకున్న బండిని వసంతంలో తీసినప్పుడు, చక్రం తిప్పి చూడకుండా రోడ్డెక్కకూడదు. వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ తనిఖీలో బ్రేకులు చూస్తారన్నది నిజమే. కాని ఆ తనిఖీ ఆ రోజు స్థితికే సాక్ష్యం. మరుసటి నెల అరిగే ప్యాడుకు కాదు.

బండిని స్వయంగా విప్పి బాగుచేసుకోవడం ఈ దేశంలో గౌరవప్రదమైన విద్య. ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో 1920 నాటి ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలును దశాబ్దాలపాటు తన షెడ్డులో తానే మార్చుకుంటూ, పిస్టన్లు సైతం తానే పోతపోసుకొని, 1967లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 184 మైళ్ళ రికార్డు నెలకొల్పాడు. ఆ కాలపు స్కౌట్ బండ్లకు ముందు చక్రానికి బ్రేకే ఉండేది కాదు. కాని ఆయన ముందు మైళ్ళ తరబడి ఖాళీ మైదానం ఉన్నది. మన పిల్లల ముందు రౌండెబౌట్లు, బడి గేట్లు, దారి దాటే గొర్రెల మందలు ఉంటాయి. బ్రేకు వాడే నేర్పు కూడా అభ్యాసంతోనే వస్తుంది. ఏసీసీ సంస్థ నిర్వహించే రైడ్ ఫరెవర్ శిక్షణలో దానిని నేర్పుతారు. కొత్తగా బండి కొన్నవారిని అక్కడికి పంపడం పెద్దల బాధ్యత.

మా మేనల్లుడు ఇప్పుడు నెలకొక ఆదివారం బండి పక్కన చతికిలబడి టార్చిలైటుతో ప్యాడ్లు చూసుకుంటాడు. చప్పుడు వినిపిస్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: ఎప్పుడు వస్తున్నది? ఏ లయలో వస్తున్నది? లివరు నొక్కితే మారుతున్నదా? సమాధానాలు తెలిసిన తరువాతనే పనిముట్ల పెట్టె తెరుస్తాడు. ఆ చమురు డబ్బా కూడా ఇంకా అతని షెడ్డులోనే ఉన్నది. దానిని తలుపు బందులకు వాడుతున్నాడు.